మడ నేలల సూక్ష్మజీవులు: గాజు పళ్ళెం మీది వలయం నుంచి మందు దాకా

శ్రీకాకుళం జిల్లా భావనపాడు దగ్గరి ఉప్పుటేటిలో ఆటు వేళ నీరు తీసినప్పుడు, మడచెట్ల మొదళ్ళ దగ్గర బురదను జానెడు లోతు తవ్వితే రెండు రంగులు విడివిడిగా కనిపిస్తాయి. పైన గోధుమ, బూడిద రంగులు కలిసిన పలచని పొర ఉంటుంది, దాని కింద అంతా కాటుక నలుపు. ఆ నలుపు బయటపడగానే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. పై పొర మందం కొన్ని మిల్లీమీటర్లకు మించదు, గాలిలోని ఆక్సిజన్ బురదలోకి చొరబడగలిగేది అంతవరకే. కొత్త యాంటీబయాటిక్‌ల కోసం ప్రపంచమంతటా సాగుతున్న వెతుకులాటలో మడ నేలల పేరు పదేపదే వినబడడానికి మూలం ఈ రెండు రంగుల సరిహద్దులోనే ఉంది. ఆ పేరు వెనుక గట్టి శాస్త్రం ఉన్న మాట నిజమే. ఆ శాస్త్రం చేత అది చెప్పినదానికంటే ఎక్కువ చెప్పించే అలవాటు కూడా అంతే బలంగా ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవులు అనగానే కోరింగ, కృష్ణా ముఖద్వారం గుర్తుకు రావడం సహజం. రాష్ట్రంలోని సుమారు 400 చదరపు కిలోమీటర్ల మడ విస్తీర్ణంలో అత్యధిక భాగం ఆ రెండు డెల్టాలదే. సుమారు 193 కిలోమీటర్ల తీరమున్న శ్రీకాకుళంలో మడచెట్లు అడవిగా కాక, చెదురుమదురు గుబుర్లుగా మాత్రమే కనిపిస్తాయి. వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్ళేపల్లి దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తాయి. విజయనగరం జిల్లాకున్న 28 కిలోమీటర్ల చిన్న తీరంలో చంపావతి కోనాడ దగ్గర కలుస్తుంది. ఇవన్నీ తూర్పు కనుమల నుంచి తక్కువ దూరంలో దూకివచ్చే నదులు కనుక గోదావరిలాగా విశాలమైన ఒండ్రు మైదానాన్ని పరచవు. వర్షాకాలంలో ఎర్రటి వరద, వేసవిలో ఇసుక మేటతో మూసుకుపోయే మొగ (నది సముద్రంలో కలిసే నోరు): వీటి స్వభావం ఇది. టెక్కలి, సంతబొమ్మాళి వైపు తంపర అనే పల్లపు చిత్తడి భూములు, నౌపడ ఉప్పు మడులు, తేలినీలాపురం పక్షుల మేత నేలలు, ఉప్పుటేటి వెంట మడ గుబుర్లు ఒకదానికొకటి ఆనుకొని ఉన్న తీరు మాత్రం పెద్ద డెల్టాలలో అంత దగ్గరగా దొరకదు. నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే మంచినీటి చిత్తడి నుంచి ఉప్పు గడ్డకట్టే మడి దాకా అన్ని మెట్లూ కనిపిస్తాయి. సూక్ష్మజీవుల విషయంలో విస్తీర్ణం కంటే ఈ మెట్లకే విలువ ఎక్కువ.

బురదలో జరిగే రసాయన వ్యవహారం ముందు తెలిస్తే తప్ప మిగతా వాదం అర్థం కాదు. మడ ఆకులు, బెరడు, వేర్లు రాలి కుళ్ళేటప్పుడు వాటిని తినే బాక్టీరియాలకు ఊపిరి కోసం ఆక్సిజన్ కావాలి. పై పొరలోనే అది ఖర్చయిపోతుంది. ఆక్సిజన్ లేని చోట నైట్రేట్‌ను, ఇనుమును, చివరికి సల్ఫేట్‌ను వాడుకొనే బాక్టీరియాలు వరుసగా రంగంలోకి దిగుతాయి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది కనుక, పోటు వచ్చిన ప్రతిసారీ ఆ చివరి జాతులకు కొత్త సరుకు అందుతూనే ఉంటుంది. అవి సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తాయి, గుడ్డు వాసన దానిదే. ఆ వాయువు ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్‌గా మారితే నలుపు రంగు వస్తుంది. ఇంత మాత్రమే అయితే మడ బురద ఏ మురుగు గుంటకూ భిన్నం కాదు. తెల్లమడ చెట్టు తన శ్వాసవేళ్ళను బురద పైకి పెన్సిళ్ళలాగా నిలబెట్టి గాలిని కిందికి పంపుతుంది, పీతలు బొరియలు తవ్వి నీటినీ గాలినీ లోపలికి తిప్పుతాయి. దానితో నల్లటి బురద నడుమ కూడా ప్రతి వేరు చుట్టూ, ప్రతి బొరియ గోడ వెంబడి సన్నని ఆక్సిజన్ తొడుగు ఏర్పడుతుంది. గుప్పెడు మట్టిలో గాలి ఉన్న చోటు, లేని చోటు, రెండూ కానిచోటు పక్కపక్కనే ఉంటాయి. రోజుకు రెండుసార్లు వచ్చే పోటు, ఏడాదికి ఒకసారి వచ్చే వరద వాటి హద్దులను మళ్ళీ మళ్ళీ చెరిపి గీస్తుంటాయి.

ఉప్పు కూడా స్థిరంగా ఉండదు. వేసవి చివర మూసుకుపోయిన మొగ వెనుక నీరు ఎండి సముద్రం కంటే ఉప్పగా మారవచ్చు. సెప్టెంబరు, అక్టోబరు వరదల్లో అదే చోట దాదాపు మంచినీరు పారుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను, దాని వెంట వంశధారకు వచ్చిన వరద వంటివి ఆ మార్పును కొన్ని గంటలకు కుదించేస్తాయి. మడ ఆకుల్లోని టానిన్లనే వగరు పదార్థాలు చాలా బాక్టీరియాలకు సరిపడవు. మడల్లో పెరిగే తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుందని తీరంలో అందరికీ తెలుసు, ఆ చెట్టు ఆకులు కుళ్ళేదీ ఈ బురదలోనే. నత్రజని తక్కువ, చోటు తక్కువ, పోటీదారులు ఎక్కువ. ఇలాంటి చోట బతికే జీవులు పక్కవాటిని అడ్డుకొనే రసాయనాలను తయారుచేసుకొని ఉంటాయన్నది పరిశోధకుల ఊహ.

అయితే ఇది ఊహ మాత్రమేనని గుర్తుంచుకోవాలి. మనం యాంటీబయాటిక్ అని పిలిచే పదార్థాన్ని నేలలోని జీవి ఎప్పుడూ ఆయుధంగానే వాడుతుందని చెప్పలేము. ప్రయోగశాలలో బాక్టీరియాను చంపేంత గాఢత మట్టిలో అరుదుగానే ఉంటుంది. తక్కువ గాఢతలో అవే అణువులు పొరుగు కణాల జన్యువుల పనితీరును మార్చే సంకేతాల్లా పనిచేయడం గమనించారు. కష్టమైన చోట పుట్టినదంతా పోరాడుతుందన్న వాదన మనిషి స్వభావాన్ని బాక్టీరియాకు అంటగట్టడమే.

ఈ వెతుకులాటలో అందరి చూపూ మొదట పడేది ఆక్టినోమైసిటీస్ అనే బాక్టీరియా సముదాయం మీద. ఇవి బూజులాగా పోగులు పోగులుగా పెరుగుతాయి, పొడిపొడిగా బీజాలు రాలుస్తాయి. తొలకరి చినుకు పడ్డప్పుడు వచ్చే మట్టి వాసనకు కారణమైన జియోస్మిన్‌ను తయారుచేసేవాటిలో ముఖ్యమైనవి వీటిలోని స్ట్రెప్టోమైసిస్ జాతులు. ప్రకృతి నుంచి దొరికి వైద్యంలో వాడుకలోకి వచ్చిన యాంటీబయాటిక్‌లలో సుమారు మూడింట రెండు వంతులు ఈ సముదాయానివే. సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను వేరుచేసినప్పుడు క్షయవ్యాధికి తొలిసారిగా పనిచేసే మందు దొరికింది. తెలుగువారికి ఈ కథలో మరింత దగ్గరి పుట ఒకటుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ మందుల సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో ప్రకటితమైన ఆ మందుకు మూలమైన స్ట్రెప్టోమైసిస్ అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయపు గడ్డి పొలం మట్టిలోనిది. టెట్రాసైక్లిన్ కుటుంబమంతా అక్కడి నుంచే మొదలైంది.

పొలం మట్టి సరే, ఉప్పునీటి ఒడ్డు బురదకు అలాంటి చరిత్ర ఉందా అంటే ఉంది. ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపంలో కాగ్లియారి పట్టణపు మురుగు సముద్రంలో కలిసే చోటు నుంచి జుసెప్పే బ్రోట్జు 1945లో ఒక బూజును వేరుచేశాడు. ఆ బూజు నుంచే సెఫలోస్పోరిన్లు వచ్చాయి. ఈనాడు జిల్లా ఆసుపత్రిలో చేరిన రోగికి నరం ద్వారా ఎక్కించే సెఫ్‌ట్రియాక్సోన్ ఆ వంశానిదే. మైక్రోమోనోస్పోరా అనే మరో ప్రజాతి నీటి అడుగు బురదల్లో, మడ నేలల్లో విరివిగా దొరుకుతుంది. 1963లో వెలుగుచూసిన జెంటామైసిన్ ఆ ప్రజాతిదే. పేరు చివర మైసిన్ అని ఉన్న మందులన్నీ ఒకే ఇంటివనిపిస్తుంది కాని, ఇంగ్లీషు వర్ణక్రమంలో స్ట్రెప్టోమైసిస్ సంతానానికి వై అక్షరాన్ని, మైక్రోమోనోస్పోరా సంతానానికి ఐ అక్షరాన్ని వాడి తేడా చూపిస్తారు. తెలుగులో రాసినప్పుడు ఆ తేడా చెరిగిపోతుంది.

ఇక మడ నేలల నుంచే నేరుగా దొరికినవి చూస్తే, చైనాలోని షియామెన్ ప్రాంతపు మడ బురద నుంచి వర్ణించిన స్ట్రెప్టోమైసిస్ షియామెనెన్సిస్ ఒకటి. దాని నుంచి వచ్చిన షియామెన్‌మైసిన్ బాక్టీరియా మీద కంటే, అవయవాలు గట్టిపడే ఫైబ్రోసిస్‌ను నిలిపే గుణం వల్ల ఎక్కువ ఆసక్తి రేపింది. బ్రుగైరా మడచెట్టు కాండంలో కాపురముండే మరో స్ట్రెప్టోమైసిస్ నుంచి షియామైసిన్ అనే అణువును 2010లో వర్ణించారు. మలేసియా తూర్పు తీరంలోని తాంజుంగ్ లుంపుర్ మడ మట్టి నుంచి 2014లో వచ్చిన స్ట్రెప్టోమైసిస్ ప్లూరిపొటెన్స్ మందులకు లొంగని స్టాఫిలోకోకస్ బాక్టీరియాను అడ్డుకుంది. మన దగ్గర ఆంధ్ర విశ్వవిద్యాలయపు ఔషధ శాస్త్ర విభాగం నుంచి బంగాళాఖాతపు అవక్షేపాల ఆక్టినోమైసిటీస్ మీద చాలా కాలంగా పత్రాలు వెలువడుతున్నాయి. ఈ జాబితాను ఇంకా పొడిగించవచ్చు. కాని మడ బురద నుంచి బయలుదేరి మందుల దుకాణపు అర దాకా చేరిన యాంటీబయాటిక్ ఒక్కటీ ఇందులో లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఒక నమూనా ప్రయాణాన్ని మొదటి నుంచి గమనించాలి.

బురదను శుభ్రమైన గొట్టంలో తీసుకొని ప్రయోగశాలకు తెస్తారు. దాన్ని నీడన ఆరబెట్టి, 55 నుంచి 60 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు ఉంచుతారు. సున్నితమైన బాక్టీరియాలు చస్తాయి, ఆక్టినోమైసిటీస్ బీజాలు తట్టుకుంటాయి. తరువాత ఆ మట్టిని ఉప్పునీటిలో కలిపి పదేసి రెట్లు పలచన చేస్తూ, పిండిపదార్థమూ కేసీన్ అనే పాల ప్రోటీనూ కలిపిన అగర్ (జెల్లీ వంటి పదార్థం) పళ్ళేల మీద పరుస్తారు. బూజులు కమ్మేయకుండా నిస్టాటిన్ వంటిదాన్ని, వేగంగా పెరిగే గ్రామ్ నెగటివ్ (కణం చుట్టూ అదనపు బయటి పొర ఉండే) బాక్టీరియాను ఆపడానికి నాలిడిక్సిక్ ఆమ్లాన్ని ముందే కలుపుతారు. 28 డిగ్రీల దగ్గర రెండు నుంచి నాలుగు వారాలు ఓపిక పడితే, సుద్దముక్క అరగదీసినట్టు పొడిపొడిగా తెల్లని, బూడిద రంగు, లేత గులాబీ చుక్కలు లేస్తాయి. ఒక్కొక్క చుక్కను వేరుచేసి పెంచి, ఆ పెంచిన ద్రవాన్ని ఇథైల్ అసిటేట్ అనే ద్రావకంతో చిలికి, కరిగి వచ్చిన పదార్థాన్ని వ్యాధికారక బాక్టీరియా పరచిన మరో పళ్ళెంలోని చిన్న గుంటలో పోస్తారు. మర్నాటికి పళ్ళెమంతా బాక్టీరియా మబ్బులాగా పెరిగి, గుంట చుట్టూ మాత్రం స్వచ్ఛమైన వలయం మిగిలితే అది నిరోధ వలయం. స్కేలుతో కొలుస్తారు, మిల్లీమీటర్లలో రాస్తారు, పత్రం ప్రచురిస్తారు.

చాలా పత్రాలు ఇక్కడే ఆగిపోతాయి, అసలు చిక్కంతా కూడా ఇక్కడే ఉంది. వలయం వెడల్పు మందు శక్తిని చూపదు. పదార్థం అగర్‌లో ఎంత దూరం పాకగలదో, ఎంత పోశారో, అగర్ ఎంత మందంగా ఉందో, వీటన్నిటి మీద ఆధారపడుతుంది. చిన్న అణువు బలహీనమైనదైనా దూరం పాకి పెద్ద వలయం ఇస్తుంది. పెద్ద పెప్టైడ్ అణువు ఎంత బలమైనదైనా గుంట చుట్టూనే చతికిలబడుతుంది. ముడి ద్రావణంలో ఆమ్లాలు ఉండవచ్చు, మిగిలిపోయిన ద్రావకం ఉండవచ్చు, అవి కూడా వలయాన్ని ఇస్తాయి. అందువల్ల 18 మిల్లీమీటర్ల వలయమిచ్చిన జీవి 12 మిల్లీమీటర్లు ఇచ్చిన దానికంటే గొప్పదని పట్టికలో పేర్చడం కొలబద్ద లేని పోలిక. తరువాతి అడుగు, అంటే బాక్టీరియా పెరుగుదల ఆగిపోయే కనీస గాఢతను మిల్లీలీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని తేల్చడం, శుద్ధి చేసిన పదార్థం చేతిలో ఉంటేనే అర్థవంతమవుతుంది. ఆ శుద్ధికి నెలలు పడుతుంది. ఖరీదైన పరికరాలు, లీటర్ల కొద్దీ పోషక ద్రవం కావాలి.

శుద్ధి చేశాక తరచుగా ఎదురయ్యేది నిరాశే. దొరికింది పాత అణువే అని తేలుతుంది. నేలలోని ఆక్టినోమైసిటీస్‌లో ఇంచుమించు పదింటికొకటి స్ట్రెప్టోథ్రైసిన్ రకాన్ని, నూటికొకటి స్ట్రెప్టోమైసిన్ రకాన్ని చేస్తాయని ఒక ప్రసిద్ధమైన అంచనా ఉంది. డాప్టోమైసిన్ వంటి అరుదైన మందును చేసే జీవి కోటికొకటి కూడా తగలకపోవచ్చు. ఈ లెక్కన నలభై, యాభై చుక్కలను ఏరి పరీక్షించే విద్యార్థికి వలయం రావడం వింత కాదు, కొత్త అణువు రావడమే వింత. మడ నేల చూపగలిగిన మేలు ఈ నిష్పత్తిని కొంత మార్చడం: పొలం మట్టిలో లేని వంశాలు అక్కడ ఉంటే పాత అణువు మళ్ళీ తగిలే అవకాశం తగ్గుతుంది. అది ఎంత తగ్గుతుందో చెప్పాలంటే ఒకే పద్ధతిలో పక్కనున్న వరి మడి మట్టినీ, మడ మట్టినీ, ఉప్పు మడి మట్టినీ పోల్చాలి. అటువంటి పోలిక లేని పత్రంలో మడ అనే మాట విశేషణంగా మాత్రమే మిగిలిపోతుంది.

పళ్ళెం మీద పెరగని వాటి సంగతి మరొకటి. సూక్ష్మదర్శినిలో కనిపించే మట్టి బాక్టీరియాలో నూటికి ఒకటికి మించి మామూలు పళ్ళేల మీద మొలవదని చాలా కాలంగా తెలుసు. మడ బురదలో ఈ లోటు మరింత పెద్దది, ఎందుకంటే పైన చెప్పిన విధానమంతా గాలి పీల్చే జీవులకే అనుకూలం. ఆరబెట్టిన క్షణంలోనే నల్ల పొరలోని జనాభా దాదాపుగా తుడిచిపెట్టుకుపోతుంది. జీవిని దాని మట్టిలోనే పెంచే ఉపాయంగా ఐచిప్ అనే పరికరం వచ్చింది. సన్నని రంధ్రాలలో ఒక్కో కణాన్ని ఇరికించి, రెండు వైపులా పొర కప్పి, తిరిగి మట్టిలోనే పాతిపెడతారు. 2015లో ప్రకటించిన టీక్సోబాక్టిన్ అనే యాంటీబయాటిక్ ఈ దారిలోనే, అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు గడ్డినేల మట్టి నుంచి దొరికింది. రెండో దారి జన్యుక్రమానిది. 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ జన్యుక్రమం పూర్తిగా చదివినప్పుడు, అప్పటికి తెలిసిన కొద్దిపాటి పదార్థాలకు బదులు ఇరవైకి పైగా తయారీ జన్యు సముదాయాలు బయటపడ్డాయి. వంటింట్లో సామాను ఉంది కాని పొయ్యి వెలిగించడం లేదన్నమాట. ఉప్పు శాతం మార్చడం, పక్కన మరో జీవిని కలిపి పెంచడం, లోహపు లవణాలు వేయడం వంటి చిట్కాలతో ఆ నిద్రాణ జన్యువులను లేపడానికి ప్రయత్నిస్తారు. రోజూ ఉప్పు మారే చోటి నుంచి వచ్చిన జీవికి ఏ ఉప్పు దగ్గర ఏ జన్యువు మేలుకుంటుందో చూడడం ఖర్చు తక్కువ ప్రయోగం, ఇక్కడి కళాశాలల్లోనే చేయదగినది.

ఈ శ్రమంతా ఎందుకంటే, యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచమంతటా నేరుగా సంభవించిన మరణాలను 12 లక్షల 70 వేలుగా 2022లో వెలువడిన అంచనా లెక్కగట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన ప్రమాదకర బాక్టీరియా జాబితాలో అత్యవసర వర్గంలో ఉన్నవి కార్బాపెనెమ్‌లనే బలమైన యాంటీబయాటిక్‌లకు లొంగని ఎసినెటోబాక్టర్, మందులకు లొంగని క్లెబ్సియెల్లా, ఇ. కోలి వంటి గ్రామ్ నెగటివ్ జాతులు, వాటితో పాటు రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ బాక్టీరియా. మడ నేల పత్రాల్లో ఎక్కువగా కనబడే విజయం స్టాఫిలోకోకస్, బాసిల్లస్ వంటి గ్రామ్ పాజిటివ్‌ల మీద. గ్రామ్ నెగటివ్‌లకు అదనంగా ఉండే బయటి పొర చాలా అణువులను లోపలికి రానివ్వదు. టీక్సోబాక్టిన్ కూడా అక్కడే ఆగిపోయింది. అవసరం ఒక వైపు, వలయాలు మరో వైపు ఉన్నాయి.

బాక్టీరియాను చంపడంతోనే పని పూర్తికాదు, మనిషి కణాన్ని వదిలేయాలి. ఈ షరతు శ్రీకాకుళంలో పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వంటి ఉద్దానం మండలాలలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఊరూరా ఉంది. జెంటామైసిన్, కొలిస్టిన్, వాంకోమైసిన్, బూజు వ్యాధులకు వాడే ఆంఫోటెరిసిన్, ఇవన్నీ సూక్ష్మజీవుల నుంచి వచ్చినవే, అన్నిటికీ మూత్రపిండాన్ని దెబ్బతీసే స్వభావం ఉంది. మూత్రపిండం సగం పనిచేసే రోగికి మొండి ఇన్ఫెక్షన్ వస్తే వైద్యుడి చేతిలోని చివరి మందులే ఆ అవయవాన్ని మరింత కుంగదీస్తాయి. కాబట్టి ఈ తీరపు బురద నుంచి దొరికిన ఏ ముడి పదార్థాన్నైనా వలయం కొలిచిన వెంటనే ఎర్ర రక్తకణాల మీద, మూత్రపిండ కణాల మీద పరీక్షించి చూపడం పత్రంలో అలంకారంగా కాక మొదటి షరతుగా ఉండాలి. చాలా అణువులు ఆ పరీక్షలోనే రాలిపోతాయి, అలా తొందరగా రాలిపోవడం మేలు కూడా.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. అణువు నుంచి మందు దాకా పది, పదిహేనేళ్ళు పడుతుంది. మందు వచ్చాక దాన్ని వీలైనంత తక్కువగా వాడమని వైద్యశాస్త్రమే చెబుతుంది. మైక్రోమోనోస్పోరా వంశానికే చెందిన సిసోమైసిన్‌ను మార్చి చేసిన ప్లాజోమైసిన్‌కు అమెరికాలో 2018 జూన్‌లో అనుమతి వచ్చింది. దాన్ని తెచ్చిన అకేయోజెన్ సంస్థ 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. బల్క్ డ్రగ్ కర్మాగారాలున్న పైడిభీమవరం ఈ జిల్లాలోనే ఉన్నా, అక్కడ జరిగేది తెలిసిన మందుల తయారీ. కొత్త అణువును వెతకడం వేరే వ్యాపారం, నష్టాల వ్యాపారం.

మనుషుల మందు కంటే ముందుగా, తక్కువ ఖర్చుతో ఈ జీవులు ఉపయోగపడగల చోటు ఉప్పుటేళ్ళ పక్కనే ఉంది. అది రొయ్యల చెరువు. వెనామీ రొయ్య 2009 తరువాత మన తీరంలో విస్తరించింది. చెరువులో రొయ్యను దెబ్బతీసే బాక్టీరియాలో ముఖ్యమైనవి విబ్రియో జాతులు. అవి ఉప్పుటేటి సహజ నివాసులు. అదే నీటిలో, అదే ఉప్పులో విబ్రియోతో యుగాలుగా కలిసి బతికిన బాసిల్లస్, స్ట్రెప్టోమైసిస్ జాతుల్లో కొన్ని వాటి పెరుగుదలను ఆపగలవని ప్రయోగాల్లో గమనించారు. ఇక్కడ అణువును శుద్ధి చేయనక్కర్లేదు, జీవినే ప్రోబయాటిక్‌గా చెరువులోకి వదలవచ్చు. మంచినీటి మట్టి నుంచి తెచ్చిన జీవి ఉప్పు చెరువులో నిలదొక్కుకోదు, మడ బురద జీవికి అది పుట్టిల్లు. అంగళ్ళలో దొరికే ప్రోబయాటిక్ పొట్లాల్లో ఏ జీవి ఉందో, అది బతికి ఉందో లేదో రైతుకు తెలిసే మార్గం అరుదు కనుక, స్థానిక జీవులతో లెక్కగా చేసిన చెరువు ప్రయోగాలకు విలువ ఎక్కువ. ఇందులోనూ ఒక జాగ్రత్త అవసరం. చెరువులోకి వదిలే జీవికి మందు నిరోధక జన్యువులు ఇతర బాక్టీరియాకు బదిలీ చేసే గుణం లేదని ముందుగా జన్యుక్రమం చదివి తేల్చుకోవాలి. తెల్లమచ్చ తెగులు వైరస్ వల్ల వచ్చేది కనుక దానికి ఏ యాంటీబయాటికూ పనిచేయదన్నది వేరే చెప్పాలా అనిపిస్తుంది; చెప్పక తప్పని పరిస్థితే చెరువు గట్ల మీద ఇంకా ఉంది.

రొయ్యల్లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్‌ల వాడకం మన దేశంలో నిషిద్ధం, ఆహార జంతువులకు కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. ఈ నిషేధాలకూ మడ బురదకూ సంబంధం ఉంది. చెరువు ఖాళీ చేసిన నీరు చేరేది ఉప్పుటేటికే. బురదలోని జీవులకు నిరోధక జన్యువులు కొత్త కావు. కెనడాలోని యూకాన్‌లో 30 వేల ఏళ్ళ నాటి గడ్డకట్టిన నేలలోనే పెనిసిలిన్ తరహా బీటా లాక్టమ్‌లకు, టెట్రాసైక్లిన్‌కు లొంగని జన్యువులు దొరికాయని 2011లో ప్రకటించారు. యాంటీబయాటిక్ చేసే జీవి తన విషానికి తాను చావకుండా విరుగుడు కూడా మోసుకుతిరుగుతుంది కదా. బయటి నుంచి వచ్చే మందుల అవశేషాలు ఆ పాత జన్యువులను ఎన్నుకొని పెంచి, అవి మనిషి వ్యాధికారకాలలోకి చేరే దారిని సులభం చేస్తాయి. మందు వెతికే గనిని నిరోధకత పెంచే తొట్టిగా మార్చడం ఈ విధంగా ఎవరూ ఉద్దేశించకుండానే జరిగిపోగలదు.

దొరికినదాని మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు ఒక పాత ఉదాహరణ ఉంది. 1949లో ఫిలిప్పీన్స్‌లోని ఇలోఇలో నుంచి అబెలార్డో అగిలార్ అనే వైద్యుడు తాను పనిచేసే అమెరికన్ కంపెనీకి మట్టి నమూనా పంపాడు. 1952 నాటికి దాని నుంచి ఎరిత్రోమైసిన్ మార్కెట్‌లోకి వచ్చింది. ఆయన ఎన్నేళ్ళు అడిగినా అందులో వాటా దక్కలేదు. మన 2002 నాటి జీవవైవిధ్య చట్టం, 2023లో సవరణ పొందిన రూపంలో, జీవ వనరును వాణిజ్యానికి వాడేవారు స్థానికులతో లాభం పంచుకోవాలని చెబుతుంది, గ్రామాల స్థాయిలో జీవవైవిధ్య కమిటీలను ఏర్పరుస్తుంది. చట్టం దృష్టిలో సూక్ష్మజీవి కూడా జీవ వనరే. అయితే ఫలానా జీవి ఫలానా ఊరి మడ నుంచి వచ్చిందని రుజువు కావాలంటే, దాన్ని తేదీ, చోటు, లోతు, ఉప్పు శాతం రాసి చండీగఢ్‌లోని సూక్ష్మజీవ సేకరణ కేంద్రం (ఎంటీసీసీ) వంటి చోట జమచేయాలి. విద్యార్థి పట్టా పుచ్చుకొని వెళ్ళిపోగానే ఫ్రిజ్‌లోనే చచ్చిపోయే జీవులకు ఏ చట్టమూ వర్తించదు.

ఈ తీరంలోని చిత్తడి నేలల కోసం గొడవలు జరగని కాలం లేదు. 2010లో సోంపేట బీల అనే చిత్తడి నేలలో, 2011లో కాకరాపల్లి తంపరలో థర్మల్ కేంద్రాలకు వ్యతిరేకంగా ప్రాణాలే పోయాయి. ఆనాడు జనం అడిగింది నీరు, చేపలు, పంట. బాక్టీరియా ఎవరి లెక్కలోనూ లేదు, ఉండనక్కర్లేదు కూడా. ఇప్పుడు మూలపేట ఓడరేవుతో భావనపాడు ప్రాంతమంతా మారుతోంది. తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో మడలకు అత్యున్నత రక్షణ వర్గమే ఉన్నా, ఆ రక్షణ చెట్టును చూస్తుంది, చెట్టు కింది బురదను ఆట్టే పట్టించుకోదు. చెట్టును కొట్టకుండానే పోటు నీరు రాకుండా గట్టు వేస్తే ఏం జరుగుతుందో నేల రసాయనశాస్త్రం స్పష్టంగా చెప్పగలదు. నల్ల పొర ఎండి బీటలు వారుతుంది, గాలి లోపలికి దిగుతుంది, ఎన్నో ఏళ్ళుగా పేరుకొన్న ఐరన్ సల్ఫైడ్లు ఆక్సిజన్‌తో కలిసి గంధకామ్లంగా మారతాయి, మట్టి పీహెచ్ నాలుగు కంటే కిందికి పడిపోవచ్చు. మడ నేలల్లో చెరువు తవ్విన రైతులు సున్నం బస్తాలు మోసుకొచ్చి కుమ్మరించేది ఆ పులుపును విరవడానికే. తిరిగి మడ మొక్కలు నాటితే కొన్నేళ్ళకు పచ్చదనం వస్తుంది, కొంగలు కూడా వస్తాయి. పీత బొరియలతో, వేరు తొడుగులతో, ఆటుపోట్ల లయతో ఏర్పడిన ఆ పొరల అమరిక, దానిలోని జనాభా మునుపటిలాగా తిరిగి వచ్చిందో లేదో చెప్పాలంటే మునుపు అక్కడ ఏముండేదో ఎవరో ఒకరు రాసి ఉంచాలి. మే నెలలో మొగ మూసుకున్నప్పుడు ఒకసారి, అక్టోబరు వరద దిగాక మరోసారి, నౌపడ ఉప్పు మడి నుంచి తంపర దాకా ఒకే గీత వెంట, ఒకే లోతుల్లో, ఒకే పద్ధతిలో తీసిన నమూనాలతో ఆ పని మొదలవుతుంది.